ఉచితంగా చేసిపెడతామని నలుగురు వస్తే ఎవరికి సరే అనాలి?

లోగో వేసిపెడతాం, వెబ్‌సైట్ కట్టిపెడతాం, ఐదేళ్ల ప్రణాళిక రాసిస్తాం, పైసా అక్కర్లేదు. నల్లగొండ, పాలమూరు వైపు పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థలకు ఈ మాట అప్పుడప్పుడు వినపడుతూనే ఉంటుంది. హైదరాబాద్ ఐటీ కంపెనీ ఉద్యోగి ఒకరు, అమెరికాలో ఉన్న ఊరి పిల్లగాడు ఒకడు, డిజైన్ కాలేజీ విద్యార్థులు, ఎప్పుడో ఒకసారి పెద్ద ఏజెన్సీ. పైసలు అడగరు కాబట్టి పోల్చి చూడాలన్న ఆలోచనే రాదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ సరే అంటారు. ఏడాది తిరిగేసరికి మూడు లోగోలు, సగం కట్టిన వెబ్‌సైట్, ఎవరూ తెరవని ఒక ఇంగ్లిష్ పీపీటీ మిగులుతాయి.

ఉచిత పనిలో పోల్చుకోవాల్సినవి రెండే. మీ మనిషి సమయం ఎన్ని గంటలు పోతుంది? వాళ్లు వెళ్లిపోయాక ఆ ఫైలు తెరిచి ఫోన్ నంబరు మార్చగలిగినవాడు మీ ఊళ్లో ఉన్నాడా? కింద చెప్పినదంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

లోగో కన్నా ముందు కాగితాలు

కంపెనీల సీఎస్సార్ (సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు) డబ్బు రావట్లేదు కాబట్టి మాకు బ్రాండింగ్ కావాలి అనే సంస్థలు చాలా ఉన్నాయి. సీఎస్సార్ నిధులు తీసుకోవాలంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను మినహాయింపు) అని అందరూ పిలిచే నమోదులు ఉండాలి. కనీసం 3 ఏళ్ల పని చూపించాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్సార్-1 ఫారం వేసి నంబరు కూడా తెచ్చుకోవాలి. ఇవి లేకుండా ఎంత మంచి బ్రోచర్ పట్టుకుపోయినా అక్కడ ఫైలు కదలదు. అటువంటప్పుడు మీరు ఉచితంగా వెతుక్కోవాల్సింది డిజైనర్‌ను కాదు, చార్టర్డ్ అకౌంటెంట్‌ను.

పేరు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. సొసైటీ సర్టిఫికెట్ మీద ఒక పేరు, పాన్ కార్డు మీద కాస్త వేరే స్పెల్లింగ్, ఆఫీసు బోర్డు మీద జనం పిలిచే మూడో పేరు. డిజైనర్‌కు కనిపించేది బోర్డే, లోగో దానికే వేస్తాడు. తర్వాత 80జీ రసీదు మీద ఆ పేరు పడితే దాత ఆడిటర్ వెనక్కి పంపుతాడు. రసీదు మీద నమోదైన పేరు, పాన్, 80జీ నంబరు ఉండాల్సిందే. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి పన్ను మినహాయింపు రాదన్న సంగతి కూడా రసీదు పుస్తకంలోనే అచ్చు వేయిస్తే దాతకు తర్వాత తల నొప్పి ఉండదు.

ఈ రెండూ సరిగ్గా ఉంటేనే మిగతా పోలికకు అర్థం.

ఊరి డీటీపీ షాపా, పట్నం డిజైనరా

మీకు ఏడాది పొడుగునా పనికొచ్చేవాడు పక్క సందులో డీటీపీ, ఫ్లెక్సీ షాపు నడిపే మనిషి. ఉచితంగా చేయడు. కానీ వైద్య శిబిరానికి ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి బ్యానర్ మార్చాలంటే చేసేది అతనే. పట్నం డిజైనర్ పనికి నాణ్యత ఉంటుంది, అప్పటికప్పుడు దొరకడు. కాబట్టి ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవడం కాదు. పట్నం మనిషి చేసే పని ఊరి షాపులో తెరుచుకునేలా చూసుకోవడమే అసలు ఎంపిక.

సాధారణంగా తేడా కొట్టేది తెలుగు అక్షరాల దగ్గర. మన షాపుల్లో చాలావరకు ఇప్పటికీ అను ఫాంట్లే. అవి ఫోన్లు, వెబ్‌సైట్లు వాడే యూనికోడ్ పద్ధతివి కావు. మీరు వాట్సాప్‌లో పంపిన తెలుగు అక్కడ అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. కన్వర్టర్‌తో మార్చాలి, మార్చాక మళ్లీ చదవాలి, ఎందుకంటే వత్తులు, అరసున్నలు, అంకెలు అటూ ఇటూ అవుతాయి. పట్నం డిజైనర్‌ది వేరే తంటా. ఇంగ్లిష్ పనికే అలవాటుపడ్డ మనిషి ఫొటోషాప్ టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఎంపిక ఆన్ చేయకపోతే వత్తులు కింద చేరవు, పక్కన విడివిడిగా పడతాయి. తెలుగు రాని డిజైనర్‌కు అది తప్పని తెలియదు. మీరు ఫోన్ తెర మీద చూసి బాగుందంటారు, అచ్చయ్యాక గమనిస్తారు.

అందుకే మొదటి ముసాయిదాకు ముందే ఒక పరీక్ష పెట్టండి. మీ సంస్థ పేరు, మండలం పేరు, 'స్ఫూర్తి', 'కార్యదర్శి', 'లక్ష్మి' అనే మాటలు తెలుగులో టైపు చేసి పీడీఎఫ్ పంపమనండి. ఐదు నిమిషాల పని. అక్కడే తప్పులొస్తే ఆ మనిషికి ఇంగ్లిష్ నివేదిక ఇవ్వండి, లోగో వద్దు.

ఫాంట్ విషయంలో గూగుల్ ఫాంట్స్‌లో స్వేచ్ఛా లైసెన్సుతో దొరికే తెలుగు ఫాంట్లలోంచి ఎంచుకోమనండి: మండలి, రామభద్ర, గిడుగు, నోటో సాన్స్ తెలుగు, అనెక్ తెలుగు. గోల్కొండ పత్రిక నడిపిన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరిట 'సురవరం' అనే ఫాంట్ కూడా అందులో ఉంది. పత్రికల అచ్చు కోసం చేసినది, కరపత్రాలకు చక్కగా ఇముడుతుంది. ఇవి వాడితే షాపువాడు కూడా తన కంప్యూటర్‌లో అదే ఫాంట్ పైసా లేకుండా ఎక్కించుకోవచ్చు.

ఇక రబ్బరు స్టాంపు. లోగో ఎంత బాగున్నా అంగుళం వెడల్పు స్టాంపుగా చేయించి తెల్లకాగితం మీద ఒక ముద్ర వేసి చూడండి. 'స్ఫూ'లో స కింద ఉండే ఫ వత్తు ఆ సైజులో సిరా పీల్చుకుని నల్లటి చుక్క అవుతుంది. సన్నటి గీతల చెట్టు బొమ్మ మసిగుడ్డలా కనిపిస్తుంది. లెటర్‌హెడ్, రసీదు, పాస్‌బుక్కు, పంచాయతీకి ఇచ్చే దరఖాస్తు, అన్నిటి మీదా పడేది ఈ ముద్రే. మూడు రంగుల వన్నె కన్నా ఒక్క రంగులో నిలబడటం ముఖ్యం. ఎండకు ఫ్లెక్సీ రంగులు కూడా ఒకే తీరుగా వెలిసిపోవు. ఎరుపు, పసుపు ముందు పోతాయి, నీలం మిగులుతుంది. ఎర్రటి అక్షరాలతో ఫోన్ నంబరు వేయిస్తే రెండు వేసవులకు నంబరు పోయి బోర్డు మిగులుతుంది.

ఒక బొమ్మ మాత్రం అసలు వాడకూడదు. ఆరోగ్య శిబిరాల సంస్థలకు డిజైనర్లు అలవాటుగా వేసే తెల్లటి నేపథ్యం మీది ఎర్ర శిలువ. 1960 జెనీవా ఒప్పందాల చట్టం కింద అనుమతి లేకుండా దాన్ని వాడటం నేరం. మూడు సింహాల ప్రభుత్వ చిహ్నం కూడా అంతే, దాని దుర్వినియోగాన్ని 2005లో చేసిన చట్టం నిషేధిస్తుంది.

ఒంటరి వాలంటీర్

ఎక్కువగా దొరికేదీ, ఎక్కువగా మధ్యలో ఆగిపోయేదీ ఇదే. మనిషి మంచివాడే. ఉద్యోగం మారతాడు, పెళ్లి కుదురుతుంది, బిడ్డ పుడుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ముగిసే ముక్కగా పని ఇస్తే నిలుస్తుంది: లోగో, లెటర్‌హెడ్, రసీదు పుస్తకం, ఒక బ్యానర్ నమూనా, అంతే. వెబ్‌సైట్ కలపొద్దు. సవరణలు మూడు విడతలే అని మొదటే రాసుకోండి, ఆ మూడు విడతల్లోనూ మీ వైపు నుంచి మాట్లాడేది ఒక్కరే ఉండాలి. కార్యవర్గంలో ఏడుగురూ వాట్సాప్ గ్రూపులో తలో రంగు చెబితే ఏ వాలంటీరూ నెల దాటి ఉండడు. మీ మనిషికి వారానికి రెండు గంటలు ఈ పనికే కేటాయించలేకపోతే ఇప్పుడు వద్దని చెప్పడమే మర్యాద.

ఉచితంగా వేసిన లోగో హక్కు ఎవరిదన్న సంగతి చాలామంది పట్టించుకోరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం జీతం మీద కాక సొంతంగా వేసిన బొమ్మకు మొదటి హక్కుదారు వేసిన మనిషే. 'మా కోసమే వేశాడు కదా' అన్న మాట చెల్లదు. హక్కు మీకు రావాలంటే సంతకంతో రాతపూర్వకంగా బదిలీ కావాలి. ఆ కాగితంలో గడువు రాయకపోతే 5 ఏళ్లేనని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికేనని 19వ సెక్షన్ అంటుంది. ఏడాది లోపు వాడకపోతే హక్కు వెనక్కి పోతుందన్న మాటా అందులోనే ఉంది, అలా కాదని కాగితంలో రాసుకుంటే తప్ప. కాబట్టి నాలుగు వాక్యాల ఉత్తరం చాలు: ఫలానా లోగో మీద పూర్తి హక్కులు, కాపీరైట్ ఉన్నంత కాలానికి, ప్రపంచమంతటికీ, వాడినా వాడకపోయినా, ఫలానా రిజిస్టర్డ్ పేరు గల సంస్థకు ఇస్తున్నాను. తేదీ, సంతకం. కంపెనీ పని గంటల్లో ఉద్యోగిగా వేసి ఉంటే సంతకం కంపెనీది కావాలి.

ఆ మనిషి విదేశంలో ఉంటే పైసల దగ్గర జాగ్రత్త. బొమ్మ వేసివ్వడం వేరు, హోస్టింగ్‌కు, అచ్చుకు నేనే పంపిస్తానని డబ్బు వేయడం వేరు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, చేతిలో ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు లేని సంస్థ అది తీసుకోకూడదు. 'మనూరి పిల్లగాడే కదా' అన్నది ఢిల్లీలో లెక్కకు రాదు. పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగడానికి మొహమాటపడకండి.

కంపెనీ ఉద్యోగుల బృందాలు

హైదరాబాద్ పెద్ద కంపెనీల్లో ఉద్యోగుల స్వచ్ఛంద సేవకు ప్రత్యేక విభాగాలే ఉన్నాయి. టాటా సంస్థల ప్రోఎంగేజ్ వంటి పథకాల్లో ఉద్యోగులు తమ నైపుణ్యాన్ని ఉద్యోగం పక్కనే కొన్ని నెలలు ఒక సంస్థకు ఇస్తారు. ఈ దారిలో క్రమశిక్షణ ఉంటుంది, మధ్యలో ఒకరు పోయినా ఇంకొకరిని పెడతారు. లెక్కల విధానం, ఎక్సెల్ పట్టికలు, దాతల జాబితా, సిబ్బంది నియమావళి వంటి పనులకు వీళ్లంత బాగా పనికొచ్చేవాళ్లు లేరు. లోగోకు మాత్రం వద్దు, కమిటీలో వేసిన బొమ్మ కమిటీలాగే ఉంటుంది.

ఒక అపోహ తీర్చుకోవాలి. ఉద్యోగులు ఇచ్చిన గంటలను డబ్బుగా లెక్కగట్టి సీఎస్సార్ ఖర్చు కింద చూపడానికి నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి వాలంటీర్లు వచ్చారంటే నిధులు వచ్చేస్తాయనీ కాదు, వాలంటీర్లను తీసుకుంటే నిధులు తగ్గిస్తారనీ కాదు. రెండూ వేరు వేరు దరఖాస్తులు.

క్యాలెండర్ కలవాలి. మార్చిలో కంపెనీలో ఎవరూ దొరకరు. మీ వైపు క్యాలెండర్ ఇంకా ముఖ్యం. నారాయణపేట, కోస్గి వైపు వలస కూలీల పిల్లల కోసం పనిచేసే సంస్థకు ప్రణాళిక రాయడానికి బృందం జనవరిలో వచ్చి గ్రామసర్వే చేస్తే ఇళ్ల దగ్గర కనిపించేది ముసలివాళ్లే, మిగతావాళ్లు పుణె, ముంబయి పనుల మీద ఉంటారు. ఆ సర్వేతో రాసిన ప్రణాళిక ఊళ్లో లేని మనుషుల గురించి ఏమీ చెప్పదు. జనం తిరిగొచ్చాక, వానాకాలం దుక్కులకు ముందు రమ్మనండి.

విద్యార్థులు, ఆన్‌లైన్ వేదికలు, ఏజెన్సీలు

డిజైన్ చదివే పిల్లలు హైదరాబాద్‌లోనే ఉన్నారు: జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం), నిఫ్ట్ (ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ), కందిలోని ఐఐటీ డిజైన్ విభాగం. క్లాసు ప్రాజెక్టుగా తీసుకుంటే ఒకేసారి ఐదారు నమూనాలు చేతికొస్తాయి, తెలుగు పిల్లలుంటే అక్షరాల మీద శ్రద్ధ కూడా ఉంటుంది. వాళ్లకు కావాల్సింది మార్కులు, మీకు కావాల్సింది అచ్చుకు పోయే ఫైలు. సెమిస్టర్ అయిపోయిన మర్నాడు ఎవరూ ఫోన్ ఎత్తరు. ఆఖరి ఫైళ్లు మార్కుల తేదీకి ముందే ఇప్పించమని మాస్టారిని అడగండి. మీ పట్నంలోనే డిగ్రీ కాలేజీ ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) విద్యార్థులుంటారు, ఏడాదికి 120 గంటల సేవ వాళ్ల లెక్క. వాళ్లకు డిజైన్ ఇవ్వొద్దు. పాత రిజిస్టర్లను ఎక్సెల్‌లోకి ఎక్కించడం, లబ్ధిదారుల ఫోన్ నంబర్లు సరిచూడటం ఇవ్వండి, ఏ కన్సల్టెంట్ వచ్చినా మొదట అడిగేవి అవే.

ఐక్యరాజ్యసమితి ఆన్‌లైన్ వాలంటీర్ల వేదిక ఉచితం. ఇంగ్లిష్ నివేదిక దిద్దించడం, అనువాదం, గణాంకాల పట్టికలకు మంచిది. దరఖాస్తు నుంచి పర్యవేక్షణ దాకా ఇంగ్లిష్‌లో నడిపే మనిషి మీ దగ్గర లేకపోతే అటు పోకండి.

పెద్ద ఏజెన్సీ వస్తే పని బాగుంటుంది, బహుమతుల పోటీకి పంపడానికి కూడా చేస్తారు, అందులో తప్పేం లేదు. ఎవరు చేస్తారో, సీనియరా ట్రైనీయా, అడిగి తెలుసుకోండి. పైసలిచ్చే క్లయింట్ పని వచ్చిన రోజున మీది పక్కకు పోతుంది, దానికి తగ్గట్టు తేదీల్లో ఒక నెల వదులు పెట్టుకోండి. ప్రచారంలో ఏ ఫొటో పడుతుందో మీ అనుమతి ఉండాలన్నది మాత్రం వదలొద్దు. మర్రిగూడ, మునుగోడు పేరు చెప్పగానే కెమెరాలన్నీ వంకర కాళ్ల వైపే తిరుగుతాయి. నల్లగొండ ఫ్లోరోసిస్ (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు వంగే జబ్బు) అంటే దేశానికి ఇప్పటికీ ఆ ఒక్క ఫొటోనే. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితి, మీ ఊరి బోరుది ఎంతుందన్న పరీక్ష రిపోర్టు, ఈ రెండు అంకెలు పక్కపక్కన వేసిన పోస్టర్ అంతకన్నా బలంగా పని చేస్తుంది, మనిషి పరువూ పోదు. సంరక్షణ గృహాల్లో ఉన్న పిల్లల ముఖం, పేరు, బడి బయటపెట్టడాన్ని 2015 బాలల న్యాయ చట్టమే నిషేధిస్తుంది.

మీరే చేసుకోవడం

రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థలకు కాన్వా ప్రీమియం వెర్షన్ ఉచితంగా ఇస్తుంది, గూగుల్ సంస్థ మెయిల్, డ్రైవ్ ఇస్తుంది. గూగుల్ లెక్కలో బడులు, ఆసుపత్రులు, ప్రభుత్వ సంస్థలు అర్హం కావు. నెలకు 10,000 డాలర్ల విలువైన సెర్చ్ ప్రకటనలు కూడా ఉన్నాయి, విని ఆశపడతారు. ప్రకటన కనిపించినవాళ్లలో దాన్ని నొక్కేవాళ్ల శాతం నెలనెలా 5 కన్నా తగ్గకూడదు, ఖాతా చూసుకునే మనిషి కావాలి. మూడు పేజీల వెబ్‌సైట్ ఉన్న మండల స్థాయి సంస్థకు అది అక్కర్లేని బరువు. కాన్వాలో పండుగ పోస్టర్లు, సమావేశం ఆహ్వానాలు చేసుకోండి. లోగో మాత్రం అందులోని రెడీమేడ్ బొమ్మలతో చేయొద్దు. అదే ఆకు, అదే చేతులు ఇంకో వందమంది వాడుతుంటారు, ట్రేడ్‌మార్క్‌కు పనికిరాదు.

సలహాదారు వస్తే ఏం అడగాలి

వ్యూహం రాసిస్తామనే కన్సల్టెంట్లను పోల్చడానికి ఒకటే కొలత: చివర్లో చేతికేమిస్తారు? నలభై స్లైడుల పీపీటీ అయితే దేవరకొండ, అచ్చంపేట వైపు తిరిగే మీ ఫీల్డ్ సిబ్బందికి అది లేనట్టే. ఒక్క పేజీ తెలుగులో: ఈ ఏడాది ఏ మూడు పనులు, ఏ నెలలో, ఎవరు, ఎంత ఖర్చు. దాంతోపాటు సూత్రాలు కనిపించే ఎక్సెల్ ఫైలు. ఇవి ఇస్తానన్నవాడికే సమయం ఇవ్వండి. మొదటి రోజు ఆఫీసులో కాదు, ఊళ్లో మహిళా సంఘం సమావేశంలో కూర్చోబెట్టండి. అక్కడ కూర్చోలేనివాడు రాసే ప్రణాళిక ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

చేనేత సంఘాలకు ఇంకో మాట. పోచంపల్లి ఇక్కత్, గద్వాల చీర, నారాయణపేట చీర, పుట్టపాక తేలియా రుమాలు భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు దక్కేలా ఇచ్చే చట్టపరమైన రక్షణ) ఉన్న పేర్లు. మీరు నేసేది అదే అయినా అధీకృత వాడకందారుగా నమోదు కాకుండా ఆ పేరును లోగోలో కలిపితే చిక్కే. కన్సల్టెంట్ తోచిన పేరు పెట్టేముందు ఇది అడగండి. సొంత లోగోకు ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 9,000 రూపాయలు. చిన్న పరిశ్రమగా నమోదై ఉంటే 4,500. మన దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి.

ఎవరికి ఏ దారి

జీతం మీద ఒక్కరు కూడా లేని సంస్థ అయితే ఊరి డీటీపీ షాపు, ఒక్క రంగు లోగో, కాగితాలకు ఒక సీఏ. పెళ్లిళ్ల సీజన్‌లో ఆ షాపు శుభలేఖలతో ఊపిరాడకుండా ఉంటుంది. ఆషాఢంలో పోతే కూర్చోబెట్టి చేసిపెడతాడు. ఒకరిద్దరు ఉద్యోగులున్న సంస్థ లోగోకు తెలుగు తెలిసిన ఒంటరి వాలంటీర్‌ను లేదా విద్యార్థులను, లెక్కలకు కంపెనీ బృందాన్ని తీసుకోవచ్చు, కానీ ఒకదాని తర్వాత ఒకటి. ఏజెన్సీ, పూర్తిస్థాయి కన్సల్టెంట్ అంటే వాళ్లతో వారానికి ఒక రోజు కూర్చోగల మనిషి ఉన్న సంస్థకే.

ఎవరితో చేసినా ఆఖరి రోజున చేతికి రావాల్సినవి ఇవి, రాకపోతే పని కానట్టే:

- లోగో అసలు వెక్టార్ ఫైలు (ఎంత పెద్దది చేసినా చెదరనిది), ఎస్‌వీజీ, పీడీఎఫ్, వెనక రంగు లేని పీఎన్‌జీ. ఒక్క రంగు నలుపు వెర్షన్
- ఫ్లెక్సీ షాపు కోసం అక్షరాలు కర్వ్స్ చేసిన (ఫాంట్ లేకపోయినా మారకుండా గీతలుగా మార్చిన) కోరల్‌డ్రా ఫైలు, పాత వెర్షన్‌లో సేవ్ చేసి
- అక్షరాలు మార్చుకోగల ఇంకో ఫైలు, వాడిన ఫాంట్లు
- రంగుల సీఎంవైకే అంకెలు (అచ్చు యంత్రాలు రంగులు కలిపే లెక్క)
- హక్కుల బదిలీ ఉత్తరం
- డొమైన్, హోస్టింగ్, సోషల్ మీడియా ఖాతాల పాస్‌వర్డులు, అన్నీ సంస్థ మెయిల్ ఐడీ మీదే

చివరిది ఆఖరి రోజుకు వదిలిపెట్టొద్దు. డొమైన్ కొనేటప్పుడే సంస్థ మెయిల్‌తో, సంస్థ ఖాతా నుంచి కట్టండి. వాలంటీర్ సొంత జీమెయిల్ మీద కొంటే, కార్డు గడువు తీరిన ఏడాది రెన్యువల్ ఆగిపోతుంది, హెచ్చరికలు మీకు రావు, బోర్డుల మీద అచ్చువేసిన చిరునామా ఇంకెవరి చేతిలోనో పడుతుంది.

పని నడుస్తుండగా ఇంకొకరు వచ్చి నేను ఇంతకన్నా మంచి లోగో చేస్తానంటారు, తప్పకుండా అంటారు. కాదనక్కర్లేదు. శిబిరంలో ఫొటోలు తీయడం, ముఖాలు వాడుకోవడానికి తెలుగులో రాసిన అనుమతి పత్రం మీద సంతకాలు పెట్టించడం, ఫొటోలను తేదీ, ఊరి పేరుతో ఫోల్డర్లలో సర్దడం ఆ మనిషికి ఇవ్వండి. లోగో వేసేవాడికీ, వెబ్‌సైట్ కట్టేవాడికీ, నివేదిక రాసేవాడికీ వచ్చే నెల కావాల్సినవి అవే, చాలా సంస్థల దగ్గర దొరకనివీ అవే.